పోటీ చట్టం చదివిన ఏడాది

అక్టోబరులో క్లాసులు మొదలయ్యాయి. లండన్‌లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం, కాంపిటీషన్ లా. విశాఖలో చదివేటప్పుడు మన 2002 చట్టం 3, 4 సెక్షన్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. అక్కడ మొదటి వారమే బోర్డు మీద గ్రాఫులు వచ్చాయి. ఒక సరుకు ధర ఐదు నుంచి పది శాతం పెంచి అలాగే ఉంచితే కొనేవాళ్లు ఎటు పోతారు? అమ్మేవాడికి అప్పటికీ లాభమేనా? దాన్నిబట్టి మార్కెట్ హద్దు తేల్చాలి. నేను ఇంటర్‌లో బైపీసీ. డిమాండ్ గీత ఎటు వాలుతుందో తెలియదు.

నవంబరులో సెమినార్‌లో నన్ను అడిగారు. నోరు పెగల్లేదు. గుండె దడ, చేతులు చల్లబడ్డాయి, ఊపిరాడలేదు. గుండెపోటే అనుకున్నాను. ఆ తర్వాత సెమినార్లకు వెళ్లలేకపోయాను. ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. నాన్న ఇల్లు తాకట్టు పెట్టారు. ఫెయిలైతే ఏ మొహంతో వెళ్లాలి?

డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి. తలుపేసుకుని పడుకునేదాన్ని. పక్కగది మధురై అమ్మాయి ఎకనామిక్స్ ఎమ్మెస్సీ. నేను వంటగదిలోకి రావడం లేదని కనిపెట్టింది. రసం అన్నం తెచ్చి, తినేదాకా కూర్చుంది. కౌన్సెలర్ దగ్గరికి తనే తీసుకెళ్లింది. వీసాకు చిక్కొస్తుందేమోనని నా భయం. ఏమీ రాలేదు, ఫీజూ తీసుకోలేదు.

పాఠం కూడా ఆమే చెప్పింది, అరటిపండు కేసుతో. యునైటెడ్ బ్రాండ్స్, 1978. అరటిపండుది విడి మార్కెట్టా, పండ్లన్నీ కలిపి ఒకటా? విడిదే అంది యూరోపియన్ కోర్టు. మెత్తగా, గింజల్లేకుండా ఉంటుంది కాబట్టి పసివాళ్లకూ ముసలివాళ్లకూ రోగులకూ అదే కావాలని ఒక కారణం చెప్పింది. మా నాయనమ్మ చివరి రోజుల్లో తిన్నది అదొక్కటే. తీర్పు బాగానే ఉందనిపించింది. "అక్కా, కొట్లో బోసినోటి వాళ్లకొక ధర, మనకొక ధర ఉంటుందా?" అంది. ఉండదు. ధర పెంచితే మిగతావాళ్లు ఆపిల్‌కు మారతారు. వాళ్లు ఎక్కువమంది మారితే వ్యాపారికి నష్టం. అంటే ముసలివాళ్లను కాపాడేది ఆ మారేవాళ్లే. ఆర్థికవేత్తలు ఆ తీర్పును తప్పుపట్టింది ఇక్కడే. ఆ రాత్రి మొదటిసారి గీత నేనే గీశాను.

జనవరిలో ట్యూటర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. వ్యాసానికి గడువు పెంచారు. సెమినార్‌లో అడగబోయే ప్రశ్న ముందురోజే పంపేవారు. ఆ మేలు మరవలేను.

మేలో పరీక్ష హాలు బయట మళ్లీ దడ. కౌన్సెలర్ నేర్పినట్టు ఊపిరి లెక్కపెట్టుకుని లోపలికెళ్లాను. డిసర్టేషన్ ఆండ్రాయిడ్ మీద: 2022లో గూగుల్‌కు మన కాంపిటీషన్ కమిషన్ రూ.1,337.76 కోట్ల జరిమానా వేసిన కేసు. మార్కెట్ నిర్వచనం అధ్యాయమే ఆఖరున రాశాను, ధైర్యం చాలక.

ఎకనామిక్స్ పేపర్లో పాసు మార్కు 50. నాకు 53.

ఇప్పుడు ఢిల్లీలో ఉద్యోగం. అప్పు ఇంకా తీరలేదు. దడ కూడా పూర్తిగా పోలేదు. పెద్ద కేసు ఉంటే ముందురోజు రాత్రి మధురైకి ఫోన్ చేస్తాను. తను విసుక్కోదు.