నాన్న చేతక్‌కి నేనేసిన రంగు

హైదరాబాదులో కోడు రాసుకునేవాడికి పెయింటింగు ఎందుకంటారా? మార్కాపురం షెడ్డులో టింకరింగు, రంగు కలిపి తొమ్మిదివేలు అన్నారు మరి! నాన్న 1996లో కొన్న బజాజ్ చేతక్ అమ్మినా అంత రాదు. మే నెల సెలవల్లో కంభం వెళ్ళి, మూడువేలలో నేనే కానిచ్చేస్తానని కూర్చున్నా. రంగు మారిస్తే ఆర్.సి.లోనూ మార్పించాలి కాబట్టి పాత నీలమే తెచ్చా.

గీకడానికే రెండ్రోజులు పట్టింది. 220 వాటర్ పేపరుతో మొదలెట్టి 400కి వచ్చేసరికి నా వేలిముద్రలు అరిగిపోయాయి (ఆఫీసు తలుపు తెరుచుకుంటుందో లేదో). చేతక్ ఒళ్ళంతా ఇనప రేకే. తుప్పున్న చోట రెడ్ ఆక్సైడ్ కొట్టి, సొట్టల్లో లప్పం పెట్టా. ఎడమ డొప్ప మీది సొట్ట దగ్గరికి రాగానే నాన్న "అది ఉండనీరా" అన్నారు.

ఇంటర్ పరీక్షకి బస్సు తప్పిపోయి ఆయన బండి మీద వెళ్తుంటే, తర్లుపాడు దగ్గర గేదె అడ్డమొచ్చి పడ్డాం. ఆ సొట్ట అప్పటిది. నాకేం కాలేదు. మళ్ళీ ఎక్కించుకుని మార్కాపురం దాకా ఆయనే నడిపారు. గేర్లు మార్చే ఎడంచెయ్యే విరిగిందని నేను పరీక్ష రాసొచ్చాకే చెప్పారు.

సరే, రంగు సంగతి. మిట్టమధ్యాన్నం స్ప్రే డబ్బా పట్టుకున్నా. ఆ ఎండకి థిన్నర్ గాల్లోనే ఆరిపోయి, రేకంతా ఉప్పుకాగితంలా గరుకుగా తేలింది. అంతా మళ్ళీ గీకి, మర్నాడు పొద్దున్నే ఆరింటికి, దుమ్ము లేవకుండా వాకిట్లో నీళ్ళు చల్లి, పల్చగా నాలుగు కోటింగులు కొట్టా. ఈసారి బాగా వచ్చింది. ఖర్చు మాత్రం నాలుగువేలు దాటింది.

కొత్త మెరుపుకి ఆ సొట్ట ఇంకా బాగా కనబడుతోంది. వచ్చినవాళ్ళందరికీ నాన్న ముందు అదే చూపిస్తున్నారు.