బెర్లిన్‌లో చూసిన బోర్డులు

పోయిన వేసవిలో మనుమరాలు పుట్టిందని నేను, మా ఇంటామె జర్మనీలో బెర్లిన్‌కు పోయినాము. ముప్పై అయిదేండ్లు మిల్లులో నిలబడ్డ కాళ్ళు ఇంట్లో ఊరుకోవు. రోజూ పొద్దున కొడుకుతో నడకకు పోతుంటి.

ఒకరోజు బవేరియన్ క్వార్టర్ అనే పేటకు తీసుకపోయిండు. ఒకప్పుడు యూదులు చాలామంది ఉన్న పేట. ఐన్‌స్టీన్ కూడా అక్కడనే ఉండెనట. వీధి దీపాల స్తంభాలకు రంగుల బోర్డులున్నవి. ఒకదాని మీద రొట్టె, ఒకదాని మీద పిల్లి, పిల్లల అక్షరాల పుస్తకంలో బొమ్మల లెక్క. దుకాణాల బోర్డులనుకున్న. వెనుక దిక్కు రాత ఉంటే కొడుకు చదివి చెప్పిండు.

రొట్టె వెనుక: బెర్లిన్‌లో యూదులు సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకే తిండి సామాను కొనాలి, 1940. పిల్లి వెనుక: యూదులు పెంపుడు జంతువులను ఉంచుకోరాదు, 1942. ఇంకోచోట, పసుపు గుర్తున్న బెంచీల మీదనే యూదులు కూర్చోవాలని.

ఇవన్నీ హిట్లర్ కాలంలో నిజంగా నడిచినవి. మరిచిపోవద్దని 1993లో 80 బోర్డులు పెట్టినారు.

ఇంటికొచ్చి వరుసగా చెప్పించుకున్న. 1933లో సర్కారు కొలువుల నుంచి తీసేసుడు మొదలు. 1935లో పౌరసత్వం పోయింది. 1938లో పిల్లలను సర్కారు బడుల నుంచి వెళ్ళగొట్టినారు. 1939లో రేడియోలు గుంజుకున్నారు, 1940లో టెలిఫోన్లు కోసినారు. 1941లో ఆరేండ్లు నిండిన ప్రతివాళ్ళు బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. ఆ గుడ్డను కూడా నాలాంటివాడే ఎవడో నేసి ఉంటడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే ఏడు రైళ్ళెక్కించి పంపుడు మొదలైంది. చివరికి యూరప్‌లో 60 లక్షల మంది యూదులను చంపినారు.

మన మిల్లు గేటుకు నోటీసు అంటిస్తే మనం యూనియన్‌కు పోయినాము, కోర్టుకు పోయినాము. గెలిచినా ఓడినా అడిగే తావు ఉండె. అక్కడ 1933 ఏప్రిల్‌లోనే యూదు జడ్జీలను, వకీళ్ళను తీసేసుడు మొదలుపెట్టినారు. మే 2న యూనియన్ ఆఫీసులన్నీ పట్టుకున్నారు. ముందు అడిగే నోరు మూసి, తర్వాత ఒక్కొక్కటి గుంజుకున్నారు. పిల్లి దాకా వచ్చేసరికి ఎవరికి చెప్పుకోవాలె? ఒక్కో నోటీసు చిన్నదే. పక్కింటివాళ్ళ పొయ్యి ఆగలేదు, అందుకే వాళ్ళు ఊరుకున్నారు.

మీ పిల్లలు ఆ దిక్కు ఉంటే, పోయినప్పుడు ఆ పేట చూసి రండి. టికెట్ లేదు. బొమ్మలు మనమే చూడొచ్చు. రాత మాత్రం పిల్లలతోనే చదివించుకోండి, వాళ్ళకు కూడా తెలుస్తది.