దిబ్బెక్కి చూస్తే

మన సీమలో కొండెక్కేవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. అహోబిలానికో యాగంటికో మొక్కుంది కాబోలు అనుకుంటారు. నాపరాళ్ళ గని పక్కన పారబోసిన దిబ్బ ఎక్కడానికి పోతున్నానంటే మాత్రం మనిషిని కిందికీ మీదికీ చూస్తారు. నందికొట్కూరు బస్టాండు దగ్గర టీ కొట్టులో నాకు దిబ్బల పిచ్చోడనే పేరు ఎప్పుడో పడిపోయింది. "సార్‌కు నల్లమల చాలదంట, దిబ్బలు కావాలంట" అని నవ్వుకుంటారు. నవ్వనీ. నల్లమల ఎవరైనా ఎక్కుతారు. దిబ్బ ఎక్కేవాడికి తోవలో పోటీ ఉండదు, పైన హుండీ ఉండదు.

బేతంచెర్ల వైపు పోయినవాళ్ళకు ఈ దిబ్బలు కొత్త కాదు. రోడ్డుకు అటూ ఇటూ బూడిదరంగు గుట్టలు. మన ఇళ్ళలో కాలి కింద చల్లగా తగిలే బండ, పాత మిద్దెల మీద పరిచిన బండ, దొడ్డి చుట్టూ నిలబెట్టిన బండ ఆ నేలలోంచి వచ్చినవే. నాపరాయి పుస్తకంలో పేజీల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. ముందు పైమట్టి తీసి పక్కన పోస్తారు. తర్వాత పగుళ్ళున్న పనికిరాని పొరలు తీసి ఆ మట్టి మీదే వేస్తారు. ఆ తర్వాతే అసలు రాయి. దాన్ని గడ్డపారతో లేపి, ఉలీ సుత్తీ పెట్టి చీలుస్తారు. ఇప్పుడైతే కోత మిషన్లూ వచ్చాయి. మూల విరిగిందీ, నెర్రె పట్టిందీ, కొలతకు రానిదీ మళ్ళీ దిబ్బకే. అంటే పైనుండాల్సిన మన్ను అడుక్కి పోయింది, అడుగునుండాల్సిన రాయి నెత్తికెక్కింది. దిబ్బ మీద మొక్క మొలవడానికి వచ్చిన కష్టమంతా ఈ తలకిందుల కాపురంలోనే ఉంది.

అయినా మొలుస్తుంది. గని వదిలేసి చాలా ఏళ్ళయిన ఒక దిబ్బ దగ్గర నిలబడి, ఎటునుంచి ఎక్కాలా అని చూస్తుంటే మేకలు తోలుకొచ్చిన ముసలాయన పలకరించాడు.

"ఏంది సార్, రాయి బేరానికొచ్చినారా?"

"లేదు పెద్దాయనా, ఊరికే ఎక్కుదామని."

"ఊరికే ఎవరన్నా దిబ్బెక్కుతారా?" అని కాసేపు నన్ను జాలిగా చూసి, కట్టెతో చూపించాడు. "ఆ పలక మీద కాలు పెట్టద్దు, కింద డొల్లుండాది. మేకలు పోయిన దారినే రాండి."

ఆ ఒక్క మాటలో దిబ్బ నడక శాస్త్రమంతా ఉంది. మేక నిటారుగా ఎక్కదు. వంకర్లు తిరుగుతూ, పలకలు సర్దుకుని గట్టిపడిన చోటే కాలు పెడుతుంది. ఎన్నో ఏళ్ళుగా అవి తొక్కిన దారి జానెడు వెడల్పున తెల్లగా కనిపిస్తుంది. ఆ దారి వెంబడే పచ్చదనం కూడా ఎక్కుతోంది. మేకలు తిని విడిచిన రేగు విత్తనాలు, గాలి తెచ్చిన దుమ్ము, పిట్టలు వేసిన వేపగింజలు పలకల సందుల్లో పడ్డాయి. వేలెడు మన్ను చేరిన చోట వెంపలి, ఇంకొంచెం చేరిన చోట తంగేడు. నల్లేరుకు ఆ మాత్రం మన్ను కూడా అక్కర్లేదు, రాయిని పట్టుకుని పాకుతూనే ఉంది. ఉత్తరం వైపు నీడపట్టున గడ్డి మోకాలెత్తు, దక్షిణం వైపు తొండలు తప్ప మరేమీ లేవు. పాలిష్ ఫ్యాక్టరీ బురద తెచ్చి పోసిన చోట మాత్రం ఒక్క గడ్డిపోచ లేదు. ఆ బురద ఎండి గచ్చులా బిగుసుకుంది, వాన చుక్క లోపలికి దిగదు. ఒకే దిబ్బ మీద పది అడుగుల తేడాలో పచ్చిక, ఎడారి రెండూ చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

ఈ పిచ్చి నాకొక్కడికే ఉందనుకోకండి. జర్మనీలో బొట్రోప్ అనే ఊళ్ళో బొగ్గుగని రాయి పోసిపోసి కొండంత అయిన హానియెల్ దిబ్బ ఉంది. పైకి పోయే దారి పొడుగునా క్రీస్తు సిలువ మోసిన ఘట్టాలు నిలబెట్టారు, గుడ్‌ఫ్రైడే నాడు జనం కట్టగట్టుకుని ఎక్కుతారు. ఆ దిబ్బను పోసిన గని 2018 డిసెంబరులో మూతబడింది, ఆ దేశంలో అదే చివరి రాతిబొగ్గు గని. ఫ్రాన్సు ఉత్తరాన నోర్-పా-దె-కాలె బొగ్గు ప్రాంతాన్ని, దిబ్బలతో సహా, యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దిబ్బల నల్లరాయి ఎండకు కాగుతుంది. అందుకని మామూలుగా దక్షిణాది వెచ్చటి నేలల్లో కనిపించే మొక్కలూ మిడతలూ ఆ చలిదేశంలో దిబ్బల మీద కాపురం పెట్టాయి. వాటిని చూడటానికే ఎక్కేవాళ్ళున్నారు.

భయపడాల్సిన కథా ఉంది. వేల్స్‌లోని ఆబర్‌ఫాన్‌లో 1966 అక్టోబరు 21న వానకు నాని, అడుగున ఊటలున్న బొగ్గుదిబ్బ జారి బడి మీద పడింది. చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలే. దిబ్బ కొండలా కనిపిస్తుంది గానీ కొండ కాదు, దానికి వేళ్ళు లేవు. మన నాపరాతి గుట్టల పక్కన నీళ్ళు నిండిన లోతైన గుంతలు కూడా ఉంటాయి. వానాకాలం అటు పోకుండా ఉండటమే మంచిది. ఏ కాలంలోనైనా పలక కింద చెయ్యి పెట్టేముందు తేలు సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగువాళ్ళ పెద్ద దిబ్బలు చూడాలంటే సింగరేణికి పోవాలి. తమాషా ఏమిటంటే, 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగే మన కడప, కర్నూలు రాళ్ళ మీద 1872లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అక్కడి బొగ్గు పొర ఒకదానికి ఇప్పటికీ ఆయన పేరే. ఓపెన్‌కాస్టు గనులు వచ్చాక బొగ్గు మీది మట్టినంతా డంపర్లతో మోసి గుట్టలు పోశారు. అక్కడివాళ్ళు వాటిని ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలంటారు. మెట్లు మెట్లుగా తీర్చి, వాటి మీద సంస్థ ఏటా మొక్కలు నాటుతోంది. వానలు బాగా పడే గోదావరి సీమ, చెట్లు లేస్తాయి. అడవి పోయిన చోట అడవి కోరుకోవడం న్యాయం కూడా.

మన దగ్గర అదే పద్ధతి పెట్టమంటే నాకు నచ్చదు. నా కారణం మా ఊరికి దగ్గర్లోనే, మిడుతూరు మండలం రోళ్ళపాడులో ఉంది. అక్కడ 1988లో 614 హెక్టార్ల గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. పదిహేను కిలోల దాకా తూగే ఆ పిట్ట చెట్టెక్కదు, గూడు కట్టదు. నేల మీద ఒక్క గుడ్డు పెట్టి, చుట్టూ కనుచూపు మేర తెరిపిగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతుంది. దేశమంతటా ఇలాంటి గడ్డినేలలను బీడు కింద జమకట్టాం. కొన్ని దున్నాం, కొన్నిట్లో ఉత్సాహంగా చెట్లు నాటాం. కాలువ నీళ్ళు రావడంతో రోళ్ళపాడు చుట్టూ పైర్లూ మారిపోయాయి. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు గుంపులుగా కనిపిస్తాయి గానీ బట్టమేక కొన్నేళ్ళుగా కనిపించడం లేదు. పచ్చగా లేనిదంతా పాడుపడినట్టే అనే లెక్క ఎంత ఖరీదైనదో తెలుసుకోవడానికి నందికొట్కూరు నుంచి ఆటోలో పోయిరావచ్చు.

కాబట్టి బేతంచెర్ల దిబ్బ మీద ఎవరైనా పెద్దమనిషి పార్కు కడతానంటే నేను ముందే చెయ్యెత్తుతాను. నీలగిరి మొక్కలొద్దు, వాటికి ట్యాంకరు నీళ్ళొద్దు, నోట్లోంచి నీళ్ళు పోసే సిమెంటు జింక అసలే వద్దు. జారే వాలును మెట్లుగా కొట్టండి, గుంతకు కంచె వెయ్యండి, తీసిన పైమట్టిని అడుగున పాతెయ్యకుండా దాచి చివర్లో పైన పరచండి. తక్కిన పని తంగేడు, వెంపలి, గడ్డి, మేకలు చూసుకుంటాయి. ధర పలికితే దిబ్బను మళ్ళీ తవ్వేవాళ్ళూ ఉంటారు. మంగంపేటలో ఒకప్పుడు పక్కన పోసిన నాసిరకం ముగ్గురాయి తర్వాత వేలానికి వచ్చింది. అందుకే దిబ్బ ఎవరిది, ఎన్నాళ్ళుంటుందనేది కాగితం మీద తేలాలి.

ఇదంతా నా ఒక్కడి సరదా కోరిక అనిపిస్తే, 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో ఇచ్చిన ఆదేశం చూడండి. తవ్వకం ఆగిపోయాక ఆ నేలలో తిరిగి గడ్డి పెంచాలి, మేతకూ మొక్కలకూ జీవాలకూ పనికొచ్చేలా చెయ్యాలి, ఖర్చు లీజుదారే పెట్టుకోవాలి అని దాని సారం. మేత అని కోర్టే అంది, అంటే మేకల ముసలాయనకు ఆ దిబ్బ మీద నాకంటే ముందు హక్కు ఉన్నట్టే. ఈసారి మీ ఊళ్ళో గని లీజుకు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే షామియానా కింద కూర్చుని టీ తాగి వచ్చెయ్యకండి. ఉద్యోగాలెన్ని అని అడిగినవాళ్ళు అడగనీ. మీరు లేచి, గడ్డి ఏ సంవత్సరం వేస్తారు, ఎవరొచ్చి చూస్తారు అని అడగండి. నవ్వుతారు. నాకు అలవాటైపోయింది, మీకూ అవుతుంది.