తిరువూరు దాకా... తొక్కుదామా!

విజయవాడ నుంచి తిరువూరు డెబ్భై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. కారెక్కితే ఓ కునుకు తీసేలోపే వచ్చేస్తుంది. ఆదివారాలు సైకిలు తీసేవాళ్లకి మాత్రం ప్రతి కిలోమీటరూ లెక్కే!

చీకటితోనే బయల్దేరాలి. ఇబ్రహీంపట్నం దాటేదాకా థర్మల్ కేంద్రం లారీలతో సర్దుకుపోక తప్పదు. హెల్మెట్, వెనక ఎర్రలైటు లేకుండా ఇటు రాకపోవడమే మంచిది. కొండపల్లిలో టీ తాగొచ్చు. పైన కోట, కింద తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసే ఇళ్లు. మైలవరం దాటాక మామిడితోటలు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు... గేర్లు లేని సైకిలయితే పిక్కలు పట్టేస్తాయి.

నీళ్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. దారిలోని ఏ.కొండూరు మండలం తండాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఎందరినో బలి తీసుకుంది. బోరు నీళ్ల మీదే జనం అనుమానం. డయాలసిస్ కోసం ఇదే రోడ్డు మీద విజయవాడకి తిరిగినవాళ్లున్నారు. సైకిలు ఆపి తండాలో ఎవరినైనా పలకరిస్తే ఆ కథలే వినిపిస్తాయి.

కట్టలేరు పక్కన తిరువూరు. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కాస్త ముందుకెళితే తెలంగాణ. ఇడ్లీ తిని వెనుదిరిగితే రానూపోనూ నూటయాభై. అదే 200 కిలోమీటర్ల బ్రెవే అయితే పదమూడున్నర గంటల్లో ముగించాలి. అది పందెం కాదు, ఫస్టూ సెకండూ ఉండవు. ఆ లెక్కన సాధన చేసేవాళ్లు ఇంకో పాతిక కిలోమీటర్లు తొక్కి తిరగొచ్చు. వేసవిలో మాత్రం వద్దు, తిరుగు ప్రయాణమంతా నడినెత్తిన ఎండే!