నూరుమంది లెక్క

నాయన పోయినప్పుడు మా తమ్ముడు అమెరికా నుంచి రాలేదు. వీసా గడువు తీరింది, వస్తే తిరిగి పోనిస్తారో లేదోనని భయం. హోసూరులో కర్మంతరం నాడు బంధువులు అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. వాడి మీద చాలా రోజులు కోపంగానే ఉన్నాను.

వాడు గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి పన్నెండేళ్ళు. ఉద్యోగాల కింద ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ మామూలుగా నూటికి 7కు మించవు. మాల్టాకూ అంతే, మనకూ అంతే. కృష్ణగిరికి బస్సులో పోయి వచ్చే గుమాస్తాను గదా, ఈ జాబితా ఎవరు వేశారా అని దారిలో చదవడం మొదలుపెట్టాను.

మనవారికి 1917లోనే తలుపు మూశారు. 1924లో దేశానికింత అని వాటాలు కట్టి తూర్పు ఐరోపా యూదులను ఆపారు. ఆ చట్టాన్ని ఎదిరించినవాడు బ్రూక్లిన్ సభ్యుడు ఇమాన్యుయేల్ సెల్లర్, తానూ యూదుడే. యుద్ధం ముగిశాక 1946లో, శిబిరాల్లో మిగిలిన యూదులు లక్షమందిని పాలస్తీనాలోకి రానీయమని ట్రూమన్ కోరితే బ్రిటన్ ఒప్పుకోలేదు. న్యూయార్కులో వద్దనుకొనే అక్కడికి పొమ్మంటున్నారని బెవిన్ దెప్పాడు. మాట మొరటే గాని, అమెరికా కోటా మాత్రం అప్పటికి సడలలేదు.

ఆ ఏడాదే జూలై 2న సెల్లర్, క్లేర్ లూస్‌ల చట్టంపై ట్రూమన్ సంతకం చేశాడు. దాని వెనుక జె. జె. సింగ్ ఏళ్ళ తరబడి తిరిగాడు. ఫలితం: ఇండియాకు ఏటా 100 మంది! మా వీధి పెళ్ళికి అంతకంటే ఎక్కువ మంది వస్తారు. అయినా పౌరసత్వానికి అర్హత దక్కింది, అది చిన్నది కాదు. 1923లో వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అంతటి మందులు కనిపెట్టి, 1948లో పౌరుడు కాకుండానే పోయారు.

1965లో సెల్లరే ముందుండి ఆ జాతుల వాటాలు తీయించాడు. దానికి బదులు తూర్పు అర్ధగోళంలోని దేశాలన్నిటికీ దేశానికి 20,000 అని ఒకే హద్దు వచ్చింది. న్యాయంగానే తోచి ఉంటుంది. ఆ హద్దుకు మనుమడి వంటి దాని కిందే మా వాడు నిలబడి ఉన్నాడు.

మొన్న ఫోనులో ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ ఫోను లాక్కొని, "ముందర ఎంతమంది ఉండారు నాయనా?" అని అడిగింది.