శబ్దప్రమాణము

శబ్దమను మాటకు మన శాస్త్రములయందు రెండర్థములు గలవు. చెవికి వినబడు ధ్వని యొకటి. ఆప్తుడు, అనగా నమ్మదగినవాడు, పలికిన వాక్యము మఱియొకటి. ఈ రెండర్థములు నొక్కచోట గలిసిన వృత్తాంతమొకటి యుత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సున జరిగినది. దానిని చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

'వెస్టర్న్ రిజర్వ్' అను పొగయోడ 1890వ సంవత్సరమున నిర్మింపబడెను. పొడవు 300 అడుగులు. ఆ మహాసరస్సులలో నడచిన తొలి యుక్కు ఓడలలో నది యొకటి. 1892 ఆగస్టు 30వ తేదీ రాత్రి, సరకు లేక పోవుచుండగా, గాలివానలో మునిగిపోయెను. యజమానియగు పీటర్ మించ్ ఆలుబిడ్డలతో గూడ నందే పయనించుచుండెను. 27 మంది మరణించిరి. చుక్కాని పట్టు హ్యారీ స్టూవర్ట్ అను నావికుడొక్కడే ప్రాణములతో నొడ్డు చేరి, ఓడ విఱిగి రెండు తునుకలయ్యెనని చెప్పెను. ఓడ నీటి యడుగున నుండగా, ఆ పలుకును సరిచూచుట కుపాయము లేకపోయెను.

నీరు లోతైనచో వెలుగు చొరదు, ధ్వని చొచ్చును. చల్లని మంచినీటియందు ధ్వని సెకనుకు సుమారు 1,400 మీటర్లు పోవును. సోనారు అను యంత్రమును పడవ వెనుక నీటిలో నీడ్చుకొనిపోవుదురు. అది యిరుప్రక్కల ధ్వనిని వెదజల్లి, అడుగున దగిలి మరలివచ్చు ప్రతిధ్వనిని గ్రహించును. ఉక్కువంటి గట్టి వస్తువునుండి ప్రతిధ్వని బలముగా వచ్చును. దాని వెనుక నీడవలె నిశ్శబ్దము పడును. పొలము దున్నువాడు చాలు వెంబడి చాలు వేసినట్లు సరస్సును గాలింపవలయును. గ్రేట్ లేక్స్ షిప్‌రెక్ హిస్టారికల్ సొసైటీవారు రెండేండ్లకు పైగా నిట్లు వెదకి, 2024 వేసవిలో సుమారు 600 అడుగుల లోతున నా యోడను గనుగొనిరి; 2025 మార్చిలో లోకమునకు దెలిపిరి. ఓడ రెండు తునుకలై, ముందరి భాగము వెనుకటి భాగముమీద బడియున్నది.

మేమీ సంగతిని తరగతిలో బోధించుచుండగా నొక విద్యార్థి, "మాస్టారూ, 132 ఏళ్ల తరువాత దొరికితే పోయినవాళ్లకేమి లాభమండీ?" అని యడిగెను. పోయినవారికి లాభము లేదు. బ్రదికినవాని మాటకు గలదు. యజమాని తన కుటుంబము నప్పగించిన యుక్కు విఱిగినది. ఆ కాలపు టుక్కులో భాస్వరము, గంధకము మిక్కుటమై పెళుసుబారుటయే కారణమని పిమ్మట నెంచిరి. జీతమునకు చుక్కాని పట్టినవాని మాట మాత్రము 132 ఏండ్లు విఱుగక నిలిచినది.

ఆప్తలక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమేయని న్యాయభాష్యమున వాత్స్యాయనుడు వ్రాసెను. ఆ సూత్రమును మేము వల్లించితిమి గాని, వీథిలో దాని నాచరించుట యరుదుగా జూచితిమి. కూలివాడు సాక్ష్యము చెప్పినచో ముందు వాని కులమడుగుదురు. స్త్రీ చెప్పినచో నామె మగని పిలుతురు. ప్రతివాని మాటకును సోనారు దొరకదు. దొరకువరకు వేచియుండుటయు న్యాయము కాదు. చెప్పినవాడెవడని కాక, చెప్పినదేమని విచారించుటకు యంత్రమక్కఱలేదు.