చక్రమే సుత్తి

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటితే మన్నెగూడ. రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు, వెంచర్ల బోర్డులు. లోపలికి మళ్లితే రేకుల షెడ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక షెడ్డులో పాత మారుతి 800 వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్నారు ఓ పెద్దాయన. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పక్కన ఆయన మనవడు.

వానాకాలమంతా హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేసిన బండి అది. తేమకు బ్రేకు డ్రమ్ము తుప్పుపట్టి, బ్రేకు షూల లైనర్లు దానికి అంటుకుపోయాయి. పైగా ఏళ్లకేళ్లు అరిగిన డ్రమ్ము లోపలి అంచున చిన్న గట్టు మిగులుతుంది. షూలు దానికి తట్టుకుని డ్రమ్మును రానివ్వవు.

మనవడు సుత్తి అందుకున్నాడు. "అది పక్కకు పెట్టు బిడ్డా. డ్రమ్ము పోత ఇనుము, అంచు మీద కొడ్తె పెంకు లెక్క పలుగుతది" అన్నారు తాత.

షోరూముల్లో దీనికి స్లైడ్ హ్యామర్ వాడతారు. కడ్డీ మీద జారే బరువును వెనక్కి విసురుగా లాగితే, అది చివర తగిలే దెబ్బకు డ్రమ్ము బయటికొస్తుంది. 1983 డిసెంబర్‌లో వచ్చి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి కోసం ఇంట్లో అది ఎవరు పెట్టుకుంటారు?

ముందు చక్రాలకు రాళ్లు పెట్టించి, గేరు వేసి, హ్యాండ్‌బ్రేకు దించారు. ఇంజను తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి గేరు వాటిని పట్టి ఉంచుతుంది. స్ప్లిట్ పిన్ను తీసి, రెంచికి నీళ్ల పైపు తొడిగి నడిమి నట్టు వదులు చేశారు. మూరెడు పిడి మూడు మూరలైతే అదే చేతి బలం మూడింతలు పనిచేస్తుంది. డ్రమ్ము తిరగకపోవడం ఇక్కడ కలిసొచ్చింది కూడా. ఆ తర్వాతే జాకీ ఎత్తి, ఛాసిస్ కింద లావుపాటి చెక్క దిమ్మె పెట్టారు. గుంజేటప్పుడు బండి ఊగుతుంది, జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదు.

అసలు ఉపాయం ఇక్కడుంది. చక్రం విప్పి, తిరగేసి మళ్లీ స్టడ్లకు తగిలించారు. నట్లు పట్టు దొరికేంతవరకే తిప్పి, చక్రం ముందుకూ వెనక్కూ కదిలేలా వదిలేశారు. నడిమి నట్టును కూడా పూర్తిగా తీయలేదు, డ్రమ్ము ఎగిరి కాళ్ల మీద పడకుండా.

"గుంజు! ఓరకు గాదు, సీదా!"

మనవడు రెండు చేతులా పట్టి విసురుగా లాగాడు. చక్రం జారి నట్లకు ధన్‌మని తగిలింది. చక్రాన్ని కాస్త తిప్పి పట్టుకుని మళ్లీ లాగాడు. కాసేపటికి డ్రమ్ము కదిలింది.

లోపలి దుమ్మును నోటితో ఊదబోతే తాత ఆపారు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిపించారు. కిరోసిన్‌ను కూడా లోపలికి పోయనివ్వలేదు, లైనరు తడిస్తే బ్రేకు పట్టదని.

అన్ని పనులూ ఇలా ఇంట్లో చేయాలనను. సస్పెన్షన్ స్ప్రింగు జోలికి మాత్రం పోవద్దు, అదుముకుని ఉన్నది ఎగిరితే ప్రాణం తీస్తుంది. మీ పాత బండి వానాకాలంలో కదలకుండా ఉండేదైతే, చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు ఆనించండి. హ్యాండ్‌బ్రేకు మాత్రం లాగి వదిలేయకండి.